బేతంచెర్లలో తీయలేని ఫోటో

కొన్నేళ్ల కిందట, గచ్చుకు బండలు చూసుకుని బేతంచెర్ల స్టేషన్లో రైలు కోసం కూర్చున్నాను. పక్కనున్న ఆయన బండల పాలిషు పనివాడు. దగ్గుతూనే నా చిన్న డిజిటల్ కెమెరా వైపు చూశాడు.

"నాదొక పటం తీయి సామీ. మావోళ్లు సచ్చినాక కుర్చీలో కూర్చోబెట్టి తీపిస్తారు. అట్ల నాకొద్దు. కండ్లు తెరిచి ఉండంగా తీయి."

నా భార్య పోయాక, పటం కోసం ఎవరి పెళ్లి ఫోటోలోంచో ఆమె ముఖం కత్తిరించాల్సి వచ్చింది. అందుకే వెంటనే లేచాను. ఆయన కుళాయి దగ్గర ముఖం కడుక్కొచ్చి, గుండీలు పెట్టుకుని నిటారుగా కూర్చున్నాడు.

స్విచ్ నొక్కితే లెన్సు సగం బయటికొచ్చి, కరకరమని ఆగిపోయింది. పొద్దుటి నుంచి పాలిషు షెడ్లలో తిరిగాను, ఆ తెల్ల దుమ్ము లోపల చేరింది. ఖరీదైన పెద్ద కెమెరాలకు దుమ్ము పోకుండా రబ్బరు పట్టీలుంటాయి. మాబోటివాళ్లు కొనే చిన్నవాటికి అక్కర్లేదని తయారుచేసేవాళ్లెవరో అనుకున్నారు.

"దానికీ మా రోగమే వచ్చినాదా సామీ?" అని నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది. తమాయించుకుని మళ్లీ సర్దుకున్నాడు.

రైలు వచ్చేదాకా నేను నొక్కుతూనే ఉన్నాను. ఆయన రెప్ప వేయకుండా కూర్చునే ఉన్నాడు.