లారీల మోత వీపున పెట్టుకుని నడిచిన రోజు

మొన్న మా పిన్ని మనవరాలు ఫోనుకి ఫోటోలు పంపింది. ఎక్కడో పడమటి కనుమల్లో, ముసురు పట్టిన రోజుల్లో, బురద కొండల మీద స్నేహితులతో కలిసి పొద్దుటినుంచి సాయంత్రం దాకా నడిచిందట. మోకాళ్ల దాకా బూట్లు, చేతిలో మడతపడే కర్రలు, వీపున సంచి, ఆ సంచిలోంచి నోటి దాకా నీళ్ల గొట్టం కూడానూ. కింద “అమ్మమ్మా, నువ్వెప్పుడైనా ఇలాంటిది చేశావా?” అని రాసి, పక్కన పళ్లికిలిస్తున్న బొమ్మ ఒకటి పెట్టింది. ఆ బొమ్మని చూసేసరికి నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. చేశానే తల్లీ, అదీ మీ అమ్మమ్మతో కలిసే, ఆముదం రాసుకున్న వట్టి కాళ్లతో చేశాను అని జవాబు రాయబోయి, అంత కథ ఆ బుల్లి గడిలో పట్టదని మానేశాను. మీకైతే చెప్పుకోవచ్చు. మనం ఒక కాలం వాళ్లం కదా, మధ్యలో విసుక్కోరు.

అప్పుడు నేను నందిగామలో టీచరుగా కొత్తగా చేరాను. మేనత్త ఇల్లు అక్కడే కావడంతో వాళ్లింట్లోనే ఉంటూ బడికి వెళ్లొచ్చేదాన్ని. మా సొంతూరు చిల్లకల్లు నుంచి కాస్త లోపలికి. హైదరాబాదు రోడ్డు మీద పోయే లారీల మోత వినపడుతుంటేనే మా ఇంట్లో పిల్లలకి నిద్ర పట్టేది, అది ఆగితే లేచి కూర్చునేవాళ్లు. మా బాబాయికి ఎన్నాళ్లకీ పెళ్లి కుదరలేదు. వచ్చిన సంబంధమల్లా నిశ్చితార్థం దాకా వచ్చి ఏదో ఒక వంకతో తప్పిపోతుండేది. విసిగి వేసారిన మా నాయనమ్మ కృష్ణ ఒడ్డునున్న వేదాద్రి నరసింహస్వామికి మొక్కుకుంది. పిల్లాడికి పెళ్లయితే కొత్తకోడల్ని బస్సులో కాకుండా కొండల మీదుగా నడిపించి తీసుకొస్తానని, ఇంటి గడప దాటింది మొదలు స్వామిని చూసేదాకా మొఖం వెనక్కి తిప్పబోమని, తిప్పితే ఆ ఏటికి వదిలేసి మళ్లీ శ్రావణానికి మొదటినుంచీ నడుస్తామని. మొక్కుకున్నదేదో తేలిగ్గా మొక్కుకోవచ్చు కదా అని ఇప్పుడనిపిస్తుంది గానీ, మా నాయనమ్మకి తేలికైనదేదీ మొక్కులా అనిపించేది కాదు.

ఆ వచ్చిన కోడలే మా పిన్ని. బెజవాడ పిల్ల, ఇంచుమించు నా ఈడుది. ఆమె తండ్రి లారీ డ్రైవరు. ఆ సంగతి మా మేనత్త మనసులో ముల్లులా ఉండిపోయింది, సందు దొరికితే ఆ ముల్లుని కాస్త బయటికి తీసి చూపించేది. పిన్ని మాత్రం కిక్కురుమనేది కాదు. మొక్కు తీరేదాకా కోడలు పుట్టింటి గడప తొక్కకూడదని నాయనమ్మ ఇంకో మెలిక కూడా పెట్టింది. అందుకని ఆషాఢంలో కూడా ఆమెను పుట్టింటికి పంపలేదు. అత్తాకోడళ్లు ఆ నెల ఒక గడప దాటకూడదు గనుక నందిగామకి తెచ్చి, నేనుండే గదిలోనే ఉంచారు. అలా మేమిద్దరం స్నేహితులమయ్యాం. వీధిలో లారీ పోతే చాలు, ఆమె చేతిలో పని అక్కడికక్కడ ఆగిపోయేది. మొక్కు తీర్చే రోజున తండ్రి వేదాద్రి దగ్గరికే వచ్చి కాచుకుని ఉంటానని, దర్శనం కాగానే కూతుర్ని తీసుకెళ్తానని కబురు పెట్టాడు. ఆ కబురు వచ్చిన రోజున ఆమె సంతోషం పట్టలేక నాకు జడ వేస్తానని కూర్చోబెట్టి, వేసిన జడ విప్పి మళ్లీ వేసింది.

శ్రావణం రాగానే అందరం మా ఊరు చేరి, శనివారం పొద్దున్నే బయల్దేరాం. నాయనమ్మ, మేనత్త, పిన్ని, నేను. మగవాళ్లు పులిహోర గిన్నెలతో జగ్గయ్యపేట మీదుగా బస్సులో వస్తారు. అంతకుముందు రోజులన్నీ వానలే. మా వైపు నల్లరేగడి వానకి తడిస్తే ఎలా పట్టుకుంటుందో తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. అందుకే నాయనమ్మ అందరినీ అరుగు మీద కూర్చోబెట్టి, పాదాల నుంచి మోకాళ్ల దాకా ఆముదం దట్టంగా పట్టించింది, అలా రాసుకుంటే మట్టి అంటినా జారిపోతుంది. నేను మాత్రం కొత్త తోలు చెప్పులు వేసుకుంటానని పట్టుబట్టాను. టీచరమ్మని కదా! మేనత్త మూతి తిప్పింది, నాయనమ్మ వేసుకోనీ అంది. ఆమె నవ్విన నవ్వులోనే నాకు అర్థం కావలసింది.

మాకూ వేదాద్రికీ నడుమ మూడు కొండలు. మా ఊళ్లో వాటిని పెద్దోడు, నడిపోడు, చిన్నోడు అని ఇంటి పిల్లల్ని పిలిచినట్టే పిలిచేవాళ్లు. పెద్దోడి మొదలుకి చేరేసరికే నా ఒక్కో చెప్పుకీ ఒక్కో ఇటుక కట్టినట్టయింది. అయినా ఎంత ఉత్సాహమనుకున్నారు! బడి లేదు, పిల్లల గోల లేదు, గాలి చల్లగా కొడుతోంది, తడిసిన బలుసు పొదల వాసన, రాళ్ల సందుల్లోంచి సన్నటి నీటి జాలు. పెద్దోడి నెత్తి మీద నిలబడి గట్టిగా ఓ అని అరిచాను. పిన్నికి కూడా అరవాలనే ఉంది, పెదాలు కదిలాయి కూడా, అత్తగారి వైపు చూసి ఊరుకుంది.

నడిపోడి పైభాగం చదును. వాననీళ్లకి పోయే దారి లేక గడ్డి కింద నేలంతా నానిపోయి, పైకి పచ్చగా కనపడుతూ, అడుగు వేస్తే పిక్కల దాకా దించేసుకునేది. అక్కడ నా ఎడమ చెప్పుని బురద బుళుక్కున మింగేసింది. కాలు ముందుకొచ్చింది, చెప్పు రాలేదు. వెనక్కి తిరగకూడదు గనుక తీసుకోవడానికి లేదు, రెండోది కూడా విప్పి అక్కడే వదిలేశాను. ఒట్టి పాదాలతో ఆ చల్లటి చిత్తడిలో దిగినప్పుడు కలిగిన సుఖం ఇప్పటికీ అరికాళ్లకి గుర్తుంది.

సరిగ్గా అప్పుడే మబ్బు వచ్చి కొండ మీద కూర్చుంది. సన్నటి తుంపర. పక్కనున్న మనిషి తప్ప ఏమీ కనపడటం లేదు. నాయనమ్మ బెదరలేదు. ఆ కొండలు దాటడానికి ఆమెకు దారీ తెన్నూ అక్కర్లేదు, ఒకటే సూత్రం. “లారీల మోత వీపున పెట్టుకుని నడవండే, కృష్ణ తనంతట తనే ఎదురొచ్చిద్ది.” ఆమె అత్తగారు ఏ సూత్రంతో నడిచేదో గానీ, రోడ్డు పడ్డాక నాయనమ్మది మాత్రం ఇదే.

కానీ ఆ వానలో మోత ముందునుంచి వస్తోంది. నాయనమ్మ ఆగింది, తల పక్కకి వంచి విన్నది. మబ్బులో మనకి తెలియకుండానే తిరిగిపోయినట్టున్నాం అని, పక్కనే ఉన్న మేనత్తనీ నన్నూ భుజాలు పట్టుకుని సరిచేసి, మోత వీపున వచ్చేలా నిలబెట్టి నడిపించింది. మేనత్త, నేను ఆమె వెనకాలే నడిచాం. పిన్ని అందరికంటే వెనక పడింది. ఎంతకీ రావడం లేదేమిటని ఓరగా చూద్దును కదా, చీర కుచ్చెళ్లు మోకాళ్ల పైకి పట్టుకుని, మాకు వీపు పెట్టి, వెనక్కి వెనక్కి అడుగులు వేస్తూ వస్తోంది!

పక్కకి జరిగి మెల్లిగా అడిగాను. ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. “గట్టిగా అనమాక అమ్మాయ్. మనం ఇంటికెళ్తన్నాం. అది హైవే మోత కాదు. నేను చెబితే అత్తయ్యగారు ఊరుకుంటారా? మొఖం తిప్పితే మళ్లీ ఏడాదంట. మా నాన్న అక్కడ కూర్చుని ఉంటాడు.” ఆ మాట పూర్తికాకుండానే మడమ జారి, ఆ చిత్తడిలో ధబ్బున కూలబడింది. నీళ్లు నా మొఖం దాకా చిమ్మాయి.

మేనత్త గయ్యిమంది. నాయనమ్మ వచ్చి చెయ్యి అందించి, ఏమైందే అని అడిగింది. పిన్ని బురదలోనే కూర్చుని, ఇక దాచి లాభం లేదనుకుందో ఏమో, నోరు విప్పింది. “అత్తయ్యగారూ, హైవే మీద బండి వచ్చిద్ది, పోయిద్ది అండీ. ఇది చూడండి, ఒక్కచోటే మూలుగుతుంది. నిండు లోడుతో ఫస్ట్ గేర్లో ఎత్తెక్కుతుందండీ. కృష్ణ ఒడ్డున ముక్త్యాల వైపు ఏదో కొత్త రోడ్డు పడి ఉంటది. మా నాన్న బండి మోత ఇంటానే పెరిగా, నాకు తెలుసండీ.” లారీవాళ్ల పిల్లకి లారీలు కాక ఇంకేం ఇనపడతయ్యని మేనత్త మొదలుపెట్టింది. నాయనమ్మ చెయ్యెత్తి ఆపింది. నలుగురం ఊపిరి బిగబట్టి విన్నాం. నిజమే, ఆ మోత కదలడం లేదు, గొంతు పట్టేసినవాడు దగ్గినట్టు ఒక్కచోటే దగ్గుతోంది. అంతలో గడ్డిలో నల్లగా ఏదో నా కంటపడింది. నేను వదిలేసిన కుడి చెప్పు.

నాయనమ్మ తడిసిన రాయి మీద చతికిలబడింది. “తిప్పేశానే, నా చేతుల్తో నేనే తిప్పేశా” అంది. సున్నపురాయి లారీల కోసం అటువైపు ఆ ఏడే రోడ్డు పడిందని తరవాత తెలిసింది గానీ, అప్పటికి మా ఊళ్లో ఎవరికీ తెలియదు. పిన్ని ఏడుపు బయటికి రాకుండా పైటకొంగు నోట్లో కుక్కుకుంది. నాకు పట్టలేని కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు. నాయనమ్మ చెయ్యి పట్టుకుని లేపి, ఆ బురదలో అడుగులు చూడమన్నాను. మా ముగ్గురి అడుగుల వేళ్లూ ఇంటివైపు ఉన్నాయి. నాలుగో మనిషి అడుగులు మా పక్కనే వచ్చాయి, కానీ వాటి వేళ్లు వేదాద్రి వైపున్నాయి. “మేం ముగ్గురం తిప్పాం నాయనమ్మా. పిన్ని తిప్పలేదు” అన్నాను.

నాయనమ్మ వంగి, ఒక అడుగులో వేలు పెట్టి తడిమి చూసింది. ఇంకో అడుగు చూసింది. ఇంకోటి. తలెత్తేసరికి ఆమె నవ్వుతోంది, ఆ నవ్వు కాస్తా పెద్దదై, పొట్ట పట్టుకుని నవ్వింది. “కోడల్ని తెస్తానని కదే మొక్కింది, ముసలిదాన్ని తెస్తానని కాదుగా! నా మొఖం ఎటు తిరిగితే స్వామికేంటి?” అంటూ పిన్నిని లేపి, ఒళ్లంతా బురదైనా దగ్గరికి తీసుకుని, తన ముందు నిలబెట్టింది. “నడువమ్మా. ఎటో నువ్వే చెప్పు.”

ఆ తరవాత మేం నడవలేదండీ, ఎగిరాం. పిన్ని ముందు, మేం వెనక. చిన్నోడి పైకి చేరేసరికి మబ్బు విచ్చుకుంది. కింద కృష్ణ, ఎర్రటి వరదతో ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా నిండుగా! గుడి, రేవు మెట్లు, మెట్లకి అల్లంత దూరంలో ఒక లారీ. “మా నాన్న బండి! అదుగో, మా నాన్న బండి!” అని పిన్ని అరిచిన అరుపుకి కొంగలు లేచిపోయాయి. మా ఇంటికొచ్చాక ఆమె గొంతు ఎంతుంటుందో మేం వినడం అదే మొదటిసారి. దిగేటప్పుడు ఎవరికి ఎవరు చెయ్యందించారో గుర్తులేదు, జారినంత దూరం జారి, మిగతాది పరిగెత్తాం. దర్శనమయ్యాక ఆ లారీలోనే మమ్మల్ని ఇంట్లో దింపి, పిన్నిని బెజవాడ తీసుకెళ్లాడు ఆయన. ముందు క్యాబిన్‌లో కోడలి పక్కన నాయనమ్మ దర్జాగా కూర్చుంది. మేనత్త, నేను వెనక టార్పాలిన్ మీద.

కిందటి నెల పిన్నిని తీసుకుని కారులో వేదాద్రి వెళ్లాను. నాయనమ్మ పోయి చాలా ఏళ్లయింది, మేనత్త కూడా లేదు. తిరిగొచ్చేటప్పుడు నడిపోడి దగ్గర ఆపమంది పిన్ని. నడిపోడు సగమే ఉన్నాడు. చదునుగా ఉన్న పైభాగమంతా ఎప్పుడో లారీలెక్కి వెళ్లిపోయింది, అది ఉన్నచోట పెద్ద గుంట, గుంట నిండా వాననీళ్లు. సిమెంటై ఎన్ని ఇళ్ల గోడల్లో ఉందో ఆ కొండ, మా ఇంటి గోడల్లో కూడా ఉండే ఉంటుంది. పిన్ని కారు దిగి, కళ్లు మూసుకుని, నాయనమ్మ లాగే తల పక్కకి వంచి వింది. హైవే వైపు మోత, ముక్త్యాల వైపు మోత, పేట వైపు మోత, ఏటివైపు కూడా ఏదో మోత. ఏది ఎత్తెక్కుతోందో ఏది పోతోందో నాకు సరే, ఆమెకు కూడా తెలియలేదు.

“ఇప్పుడు మీ నాయనమ్మ ఉంటే దేన్ని వీపున పెట్టుకునేదే?” అని అడిగింది. ఇద్దరం కారెక్కి ఇంటికొచ్చేశాం.