అత్తగారి వెనకే ఊడ్చాను

బద్ధకానికి చదువు తోడైతే ఇంట్లోవాళ్లు పడే కష్టం ఇంతా అంతా కాదు. చీపురు పట్టుకోమంటే నేను చీపురు పుట్టుక గురించి చెప్పడం మొదలుపెడతాను.

ఇంగ్లీషులో 'బ్రూమ్' అసలు పనిముట్టు పేరు కాదు. పసుపు పూలు పూసే ఒక పొద పేరు. దాని కొమ్మలు కట్టగట్టి ఇల్లు ఊడ్చేవారు. ఊడ్చీ ఊడ్చీ మొక్క పేరే పనిముట్టుకు అంటుకుంది. అంతకుముందున్న పాత పేరు మూలన పడింది. మన చీపురూ అంతే, ముందు కొండవాలున పెరిగే గడ్డి, తర్వాతే కట్ట. కొత్త బ్రూమ్ బాగా ఊడుస్తుందని ఇంగ్లీషువాళ్ల సామెత. కొత్తగా వచ్చిన అధికారి హడావిడిని చూసి అంటారు. నేను పెళ్లయిన కొత్తలో కూడా ఊడవలేదు కాబట్టి ఆ సామెత నాకు తగలదు.

ఇదంతా మలేషియాలో, సైబర్‌జయలోని మా ఫ్లాట్‌లో, సోఫా మీద కాళ్లు చాపుకుని, ఎనిమిదో నెల కడుపుతో ఊడుస్తున్న మా ఆవిడకు చెబుతున్నాను. అప్పుడే వంటింట్లోంచి అత్తగారు వచ్చారు. తాతల నాడు ఉత్తరాంధ్ర నుంచి రబ్బరు తోటల్లో పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ కుటుంబం వాళ్లది. కూతుర్ని చూసుకుందామని తమ ఊరు తెలుక్ ఇంటాన్ నుంచి వారం రోజులకు వచ్చారు. వస్తూ వస్తూ తన చేత్తో కట్టిన కొబ్బరి ఈనెల చీపురు కూడా తెచ్చారు.

"ఏటి బాబూ, పిల్ల ఊడుస్తంటే నువ్వు పాఠం సెప్తన్నావా?"

"సాయంత్రం నేనే ఊడుస్తాను అత్తయ్యా."

సాయంత్రం అయింది. "దీపాలు పెట్టాక ఊడిస్తే లక్ష్మి వెళ్లిపోతుంది కదా" అన్నాను. మర్నాడు ఇంకో సాకు. మా ఊరి ఆచారాలన్నీ నాకు చీపురు ఎత్తాల్సినప్పుడే గుర్తొచ్చేవి.

"నీ భక్తంతా పని తప్పించుకోడానికే లా!" అంది మా ఆవిడ. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లకు మాట చివర ఆ 'లా' తప్పదు.

శనివారం అత్తగారు తీర్పు చెప్పేశారు. "రేపు నేను పోతాను. వచ్చే వారం దీని అన్న కారు తెస్తాడు. పిల్లని తీసుకుపోతాం. పురుడు మా ఇంట్లోనే."

తొలిచూలు. ఆ సమయానికి పక్కన ఉండాలని ఎన్నో అనుకున్నాను. తెలుక్ ఇంటాన్ ఏమీ పక్క వీధి కాదు.

"ఇక్కడే ఉంటానని చెప్పు" అని మా ఆవిణ్ణి బతిమాలాను.

"చెప్పొచ్చు. ఏ ముఖం పెట్టుకుని చెప్పను? ఉండడానికి ఒక్క కారణం చూపించు."

ఆదివారం పొద్దున్నే కారణం చూపించాను. అత్తగారు సంచి తీసుకుని గడప దాటుతున్నారు. బస్టాండుకు తీసుకెళ్లే కారు కింద ఆగి ఉంది. ఇదే ఆఖరి అవకాశం. ఈనెల చీపురు అందుకుని హాలు ఆ చివర నుంచి ఊడ్చుకుంటూ వచ్చి, ఆ చెత్తంతా ఆవిడ మడమల వెనక పోగేశాను.

ఆవిడ ఆగారు. మా ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అప్పుడు గుర్తొచ్చింది, అవసరానికి రాని ఆ ఒక్క ఆచారం. గడప దాటిన మనిషి వెనక వెంటనే ఊడవకూడదు. మళ్లీ రావద్దని చెప్పినట్టు.

"నన్ను ఊడ్చేస్తన్నావేటి బాబూ?"

"అయ్యో, శుభ్రం చేస్తున్నానత్తయ్యా!"

"వారమంతా లేని శుభ్రం నేను గడప దాటేసరికి పొంగుకొచ్చినాదా?"

శకునం చెడింది కాబట్టి ఆవిడ వెనక్కొచ్చి కూర్చున్నారు. మంచినీళ్లడిగి నెమ్మదిగా, చాలా నెమ్మదిగా తాగారు. కింద కారు చూసి చూసి వెళ్లిపోయింది. ఉన్నట్టుండి ఆవిడ భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారేమోనని హడలిపోయాను. నవ్వుతున్నారు.

"మీ ఆయనకి ఊడవడం రాదు, ఎప్పుడు ఊడవకూడదో అదీ తెలీదు" అన్నారు కూతురితో. "నిన్ను తీసుకుపోతే ఈ కొంప ఏటైపోద్దో! నేనే ఉండిపోతాను. పురుడు ఇక్కడే. బాబు రోజూ నా కళ్ల ముందే ఊడవాలి."

తర్వాత మా ఆవిడ గదిలోకి లాగి అడిగింది. "నిజం చెప్పు, కావాలనే చేశావు కదా?"

అవునంటే తెలివైనవాణ్ణి. కాదంటే నిజం. సిగ్గుతో చెబుతున్నాను, కాసేపు మీసం సవరించుకుని, ఆ తర్వాతే కాదన్నాను. ఆమె ఇంకా నవ్వుతూండగానే హాల్లోంచి కేక వినబడింది.

"మాటలు సాలు బాబూ, మూలలు ఉండిపోయినాయి!"