పక్కింటి దగ్గు

మా పక్క క్వార్టర్ ఆమెకు ఏ జబ్బూ లేదు గానీ, మొగుడు షిఫ్టుకు బయలుదేరే వేళకు మాత్రం దగ్గు వస్తుంది. ఆమె రెండుసార్లు ఖళ్ళుమంటే నేను చీపురు అక్కడే పడేసి లోపలికి పోయి తలుపు వేసుకోవాలి. మొగుడు చచ్చినదాని మొహం చూసి మనిషి బాయిలోకి, అంటే బొగ్గుగనిలోకి, దిగకూడదట. గని సైరన్ అయినా ఎప్పుడన్నా తప్పుతుందేమో గానీ ఆ దగ్గు తప్పదు.

నా మొగుడు గనిలో పోయిన రోజు ఎవరు ఎదురొచ్చారో చెబుతాను వినండి. నేనే. నుదుట ఇంత బొట్టు, చేతుల నిండా గాజులు, చేతిలో అన్నం డబ్బా. నిండు ముత్తైదువను. ఆ సంగతి గని పైకప్పుకు ఎవరూ చెప్పినట్టు లేరు.

పోయిన వానాకాలంలో ఒక పగటిపూట, ఆ దగ్గు ఆమే గోడ మీంచి పిలిచింది.

"పెద్దమ్మా, జల్ది రా! పొల్ల ఒళ్ళు కాలిపోతున్నది. తాగిచ్చిన మందు తాగిచ్చినట్టే కక్కుతున్నది."

మా క్వార్టర్ల లైన్లో బొట్టున్న ఆడవాళ్ళకు కరువు లేదు. వాళ్ళంతా వాకిట్లో నిలబడి, దిష్టి తగిలిందని చెప్పి, టీవీల ముందుకు పోయారట. జ్వరం పిల్లను ఒళ్ళో వేసుకోవడానికి నేను గుర్తొచ్చాను.

పోయి చూస్తే నాలుగేళ్ళ పిల్లను రెండు దుప్పట్లలో చుట్టి, కిటికీ మూసి, ఫ్యాన్ ఆపి పెట్టింది.

"పిల్లను కాపాడుతున్నవా, ఉడకబెడుతున్నవా?"

"గాలి తాకుతదని, పెద్దమ్మా..."

"తాకనియ్యి. గాలేమన్న మొగుడు చచ్చినదా?"

దుప్పట్లు తీసి, కిటికీ తెరిచి, ముందు గదిలో గుమ్మం పక్కన పిల్లను ఒళ్ళో వేసుకుని కూర్చున్నాను. గోరువెచ్చని నీళ్ళు బేసిన్‌లో తెప్పించి, గుడ్డ తడిపి నుదురు, మెడ, చంకలు తుడిచాను. దవాఖాన నర్సును ఫోన్లో అడిగి మళ్ళీ మందు పోశాం. ఇదీ కక్కితే తెచ్చి చేర్పించండి అన్నదామె. పిల్ల కక్కలేదు. నా వేలు పట్టుకుని కళ్ళు మూసింది.

అప్పుడే రెండో షిఫ్టు వేళయింది. లోపలి గదిలో ఆమె మొగుడు బూట్లు వేసుకుని పరదా వెనక నిలబడ్డాడు. బయటికి దారి నా ముందు నుంచే. ఆమె దగ్గింది. ఇంకోసారి దగ్గింది.

నేను గుడ్డ పిండాను.

"పెద్దమ్మా... జర గోడ దిక్కు తిరుగుతవా?"

"తిరుగుత. తిరిగితే పొల్ల లేస్తది. లేస్తే మందు బయటికొస్తది. నీ ఇష్టం."

"నేను ఎన్క గోడ దుంకి పోత తియ్" అన్నాడు పరదా వెనక నుంచి ఆయన.

దూకవచ్చు. కానీ బండి తాళంచెవి నా నెత్తి మీద మేకుకు వేలాడుతోంది. నేల కింద మందుగుండు పేల్చే మనిషి, ఒక ముసలిదాని మొహానికి చెమటలు పట్టి నిలబడ్డాడు.

"కండ్లు మూస్కొని రా బిడ్డా. అడ్డమేమన్న ఉంటే నేను చెప్త" అన్నాను.

ఎగతాళికి అంటే, నిజంగానే మూసుకున్నాడు! గోడ తడుముకుంటూ వచ్చాడు. 'బేసినున్నది' అనే లోపే తన్నాడు. నీళ్ళు బూట్లలోకి పోయాయి. పిల్ల ఉలిక్కిపడి లేచింది.

ముగ్గురం ఊపిరి బిగబట్టి ఆ చిన్న నోటి వైపే చూస్తున్నాం. కాదు, ఇద్దరం. ఆయన కళ్ళు ఇంకా మూసే ఉన్నాయి.

"బాపూ, కండ్లగంతలాడుతున్నవా?" అంది పిల్ల. తర్వాత, "నాకు టోస్టు కావాలె" అంది.

పొద్దుటి నుంచి ఆ నోరు తిండి అడగడం అదే మొదలు. ఇక ఆయన కళ్ళు తెరిచాడు. బిడ్డ మొహం నా మొహాన్ని ఆనుకునే ఉంది. ఒకటి చూసి ఒకటి వదిలెయ్యడం కుదరదు. చూశాడు. తాళంచెవి అందుకుని, తడి బూట్లతో చప్పుడు చేసుకుంటూ డ్యూటీకి పోయాడు.

మర్నాడు వాకిట్లో పళ్ళు తోముకుంటూ కనిపించాడు. గని కూలలేదు, బూట్లు మాత్రం ఇంకా ఆరలేదు. పిల్ల ఒళ్ళు చల్లబడింది, పాలలో టోస్టు ముంచుకు తింటోంది.

మధ్యాహ్నం నేను గడప మీద కూర్చుని చాటలో బియ్యం ఏరుతున్నాను. పక్కన బండి స్టార్టయింది. ఆమె దగ్గు వినిపించింది.

"ఏం బిడ్డా, నీగ్గూడ అంటుకున్నదా?" గట్టిగానే అడిగాను. "పొల్ల మందు మిగిలింది గద, ఒక మూత తాగు."

మళ్ళీ దగ్గు రాలేదు. నేను లేవలేదు. బియ్యంలో రాళ్ళు ఇంకా చాలా ఉన్నాయి.