అట్టగోడకు ఇనుప దూలాలు

ఆ రోజుల్లో నాకు తెలిసిన గోడ ఒక్కటే, ఇటుక గోడ. అనంతపురంలో సివిల్ డిప్లొమా చదివి సౌదీలోని ఖమీస్ ముషైత్‌లో కొత్తగా పనిలో చేరినవాణ్ణి, లోకంలో ఇంకో రకం గోడ ఉంటుందని అనుమానమైనా రాలేదు (వేలితో పొడిస్తే చిల్లుపడేదాన్ని మా ఊళ్ళో తడిక అంటారు).

నాకు వీసా ఇచ్చిన యజమాని, మా కఫీల్ వాళ్లది రాతిగోడల పాత ఇల్లు. మేడమీద చెక్కల నేల. అక్కడ అడ్డగోడలు లేపి, కొత్తగా పెళ్ళయిన కొడుక్కి గదులు చేసివ్వాలని ఆయన కోరిక. కింది గదిలో ఆయన తల్లి ఉండేది. పైన పిల్లి నడిచినా చెక్కలు కిర్రుమనేవి, కప్పు నెత్తిన పడుతుందని ఆవిడ భయం. అలాగని వద్దంటే మనవడు వేరే ఊళ్ళో అద్దెకు వెళ్ళిపోతాడు. నేను కనబడినప్పుడల్లా కప్పు వైపు చూపించి అరబ్బీలో ఏదో అడిగేది. ఆ కళ్ళు చూస్తే మా అవ్వ గుర్తొచ్చేది.

ఇక చూసుకోండి నా ప్రతాపం. ఇటుకల బరువుకు లెక్కకట్టి, పాత దూలాల కింద అడ్డంగా ఇనుప దూలాలు తోయించి, వాటికి స్తంభాలు నిలబెట్టించాను. అనుమానం వచ్చిన చోటల్లా ఇంకోటి (అనుమానం అన్నిచోట్లా వచ్చింది). సెలవు నుంచి తిరిగొచ్చిన మా కడప మేస్త్రీ మామ లోపలికి తొంగిచూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏందబ్బీ ఇది? ముసలామె పండుకునే గదా, వెయ్యి స్తంభాల గుడా?"

అప్పుడే వీధిలో లారీ ఆగి, కఫీల్ తెప్పించిన గోడలు దిగాయి. సన్నటి రేకు చట్రాలు, జిప్సమ్ అట్టలు. కూలీలు కబుర్లు చెప్పుకుంటూ మేడెక్కించేశారు. ఏ గోడలని నేను అడగలేదు, ఇటుకలనుకుంటానని ఆయనా అనుకోలేదు. ఇక నా వీసా రద్దుచేసి, ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపేస్తారనుకున్నాను.

కఫీల్ నోరు తెరిచేలోపు ముసలామె కర్ర పోటేసుకుంటూ వచ్చింది. ఒక్కో స్తంభాన్నీ అరచేత్తో చరిచింది. మనవణ్ణి పైకి పంపి గెంతమంది. గెంతాడు. కిర్రుమనలేదు. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ కొడుకుతో ఏదో అంది. మామ నా చెవిలో చెప్పాడు.

"ఒక్కటి గూడా తీయొద్దంటాంది. పైన పిల్లోళ్ళు దుంకాల, కింద పండుకోని నేను వినాల అంటాంది."

కఫీల్ సరేనన్నాడు. ఇప్పుడు నేను ఏ నేలకైనా కావలసినంతే ఊతమిస్తాను, లెక్క తప్పదని అందరూ మెచ్చుకుంటారు. ఒక్కోసారి పని ముగించి వస్తుంటే, అప్పటి ఆ కుర్రాడైతే, అదే ఆనాటి నేనైతే, ఇంకో దూలం వేసేవాడు కదా అని నవ్వొస్తుంది. వాణ్ణి తలుచుకుంటే కాస్త అసూయ కూడా.