రెండు రంగుల పందిరి

నిన్న పొద్దున మా ఫిల్మ్ నగర్ సందులోంచి ప్రచారం జీపు ఒకటి చెవులు పగిలేలా పాట పెట్టుకుని వెళ్ళింది. బాల్కనీలో బియ్యం ఏరుకుంటున్న నేను తలెత్తి చూస్తే, మొన్నటిదాకా దుమ్మెత్తి పోసుకున్న రెండు పార్టీల జెండాలూ ఆ జీపుకే అటొకటి, ఇటొకటి కట్టి ఉన్నాయి. నవ్వొచ్చింది. ఆ వెంటనే, ఇదే రాజకీయం మీద మాటా మాటా పెరిగి, ఒకే ఇంట్లో పై అంతస్తులో ఉండే మా పెద్దబ్బాయీ కింద అంతస్తులో ఉండే చిన్నబ్బాయీ నెల్లాళ్ళుగా పలకరించుకోవడం లేదన్న సంగతి గుర్తొచ్చి మనసు చివుక్కుమంది. మా పెళ్ళీడు రోజుల్లో పొత్తులు ఎలా కలిసేవో, ఎలా విడిపోయేవో నా ఈడువాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. నాకైతే ఒక పొత్తు మీద పెళ్ళే ఆధారపడింది.

మా నాన్న గోదావరి వైపు నుంచి వచ్చి ఇక్కడ మేకప్‌మ్యాన్‌గా స్థిరపడ్డారు. మా మామగారు బోరబండలో ఉంటూ సినిమా సెట్లకీ, మీటింగు వేదికలకీ గుడ్డలూ కర్రలూ కట్టించేవారు. ఇద్దరూ ప్రాణస్నేహితులు, నన్ను వాళ్ళబ్బాయికి ఇవ్వాలని ఏనాడో అనుకున్నారు. నాకూ ఆ అబ్బాయంటే ఇష్టమే, ఈ వయసులో చెప్పుకోవడానికి సిగ్గెందుకు! ఇంతలో ఎన్నికలొచ్చాయి. నాన్న ఒక పార్టీకి ప్రచారం చేసేవారు, మామగారు దానికి బద్ధశత్రువైన పార్టీకి. టీకొట్టు దగ్గర మాట జారి, ఒకరి నాయకుణ్ణి ఒకరు నానా మాటలూ అని, ఆ రోజుతో మాటలు బందు పెట్టుకున్నారు. నా పెళ్ళి ఊసెత్తడానికి అమ్మకి కూడా ధైర్యం లేకపోయింది. నేను వంటింట్లో కూరలు మాడుస్తూ, ఆ నాయకులిద్దర్నీ మనసారా తిట్టుకుంటూ ఉండేదాన్ని.

అలాంటిది, ఉన్నట్టుండి ఆ రెండు పార్టీలూ పొత్తు పెట్టుకున్నాయి. పైవాళ్ళు దండలు మార్చుకున్నారు సరే, కిందివాళ్ళు మొహాలు ఎక్కడ పెట్టుకోవాలి? నాన్ననీ మామగారినీ ఒకే జీపు ఎక్కించి, ఇద్దరికీ కలిపి ఒకే మైకు ఇచ్చారు. నాన్న జూబ్లీ హిల్స్ బంగళాల వైపు, మామగారు బస్తీ వైపు చూస్తూ బిగుసుకుని నిలబడ్డారట. చివరికి మామగారే, "ఏందన్నా, ఇంకా గుస్సానేనా? జర నవ్వు, జనం చూస్తున్నరు" అనేసరికి నాన్న ఆపుకోలేక నవ్వేశారట. ఆ సాయంత్రమే ఇద్దరూ మా ఇంట్లో కాఫీ తాగారు. ఆ వారంలోనే తాంబూలాలు పుచ్చుకున్నారు.

తీరా పెళ్ళి దగ్గరపడ్డాక, సీట్ల దగ్గర పేచీ వచ్చి పొత్తు కాస్తా పుటుక్కుమంది. మళ్ళీ ఎవరి జీపు వాళ్ళది. అమ్మ దేవుడి గదిలో ఏడుస్తూ కూర్చుంటే, నాన్న పేపరు వెనక మొహం దాచుకున్నారు. ఇక నా పెళ్ళి అయినట్టేననుకున్నాను. మర్నాడు పొద్దున్నే మామగారు ఆటో నిండా గుడ్డ చుట్టలు వేసుకుని దిగారు. ఉమ్మడి సభ వేదిక కోసం రెండు పార్టీల రంగులూ, వంగపండు రంగూ చిలకాకుపచ్చా కలిపి కుట్టించిన ఆ గుడ్డ ఇప్పుడు ఏ పార్టీకీ పనికిరాదు. "వాళ్ల పొత్తు వాళ్లు తెంపుకున్నరు. మనది యాడికి పోతది బావగారూ? గీ గుడ్డతోనే పందిరి ఏస్త" అన్నారు. అంతకు ముందు ఎప్పుడూ అన్నా అనే పిలిచేవారు. నాన్న పేపరు పక్కన పడేసి, "రండి బావగారూ, ముందు టిఫిను చేయండి" అంటూ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చారు.

ఆ పందిరి చూసి ఎన్నికల సభ అనుకుని వచ్చి, శుభ్రంగా భోంచేసి, జిందాబాద్ కొట్టి వెళ్ళినవాళ్ళు కూడా ఉన్నారు. ఆ వియ్యంకులిద్దరూ బతికున్నన్నాళ్ళూ ఒకే పార్టీకి ఓటేసిన పాపాన పోలేదు. అయినా పోలింగు రోజున బోరబండ నుంచి మామగారి ఆటో వచ్చి నాన్నను ఎక్కించుకుంటేనే కదిలేది. ఒకరి బూత్ అయ్యాక ఇంకొకరి బూత్‌కి, దారంతా దెబ్బలాడుకుంటూ వెళ్ళి, సిరా వేళ్ళతో ఇరానీ చాయ్ తాగి నవ్వుకుంటూ వచ్చేవారు.

ఇప్పుడు మా గేటులో రెండు కార్లున్నాయి. అమ్మా, ఓటెయ్యడానికి నా కారులో రా అని పెద్దాడు, కాదు నాతో రా అని చిన్నాడు, విడివిడిగా వచ్చి అడిగారు. ఇద్దరూ కలిసి ఒక్క ఆటో పిలిస్తేనే వస్తాను, లేకపోతే నా ఓటు ఈసారికి లేనట్టేనని చెప్పేశాను. ఇద్దరూ ఇంకా ఎవరి కారు వాళ్ళే తుడుచుకుంటున్నారు. చీర మాత్రం ఇస్త్రీ చేయించి పెట్టుకున్నాను.