మడిచిన చిట్టీ

కరీంనగర్ శివార్లలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నేను ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ అసిస్టెంట్‌ని. ప్రాక్టికల్ పరీక్షలు రెండు రోజుల్లో ఉన్నాయంటే ఒకచోట కూర్చోలేను. టేబుళ్లు పన్నెండు, సిగ్నల్‌ను తెర మీద చూపే ఆసిలోస్కోపులు పది, వాటిలో పనిచేసేవి ఎనిమిది. లెక్కపెట్టినవే మళ్లీ లెక్కపెడతాను. ఆసారి మాత్రం నా పరేషానీ సామాను గురించి కాదు, రెండో సంవత్సరం విద్యార్థిని ఒకామె గురించి.

ఆమెది మంచిర్యాల వైపు ఊరు. ఆటిజం ఉందని సర్టిఫికెట్ ఉంది. అడ్మిషన్ రోజు దాన్ని జిరాక్స్ తీసి ఫైల్లో పెట్టారు, ఆ తర్వాత ఎవరూ తెరవలేదు. సర్క్యూట్ కట్టడంలో ఆ బ్యాచ్‌లో ఆమెను మించినవాళ్లు లేరు. ప్రతి వైరూ పొడవు కొలిచి కత్తిరిస్తుంది. చిక్కంతా వైవాలోనే. ఎదురుగా కూర్చుని ముఖం చూస్తూ ప్రశ్న అడిగితే గోడకేసి చూస్తుంది. జవాబు పావుగంటకు వస్తుంది, అప్పటికి ఆ కుర్చీలో ఇంకొకరుంటారు. అంతకుముందు ఒకసారి ఇలాగే ఈ ల్యాబు తప్పింది. మళ్లీ తప్పితే క్రెడిట్లు చాలవు, మూడో సంవత్సరంలోకి పోనివ్వరు.

వాళ్లమ్మ బస్సెక్కి వచ్చి నన్ను కలిసింది.

"గీసారి గూడ పోతే సదువు సాలు అంటుండు సారు వాళ్ల బాపు. దుబాయిల ఉంటడు, ఫోన్ల గదే మాట. ఎదురుంగ అడిగితె దానికి నోరు రాదు. కాయితం మీద రాసియ్యుండ్రి, అన్ని చెప్తది."

"చూస్తనమ్మా," అన్నాను. ఆ సాయంత్రమే నోట్‌బుక్‌లో నాలుగు పనులు రాసుకున్నాను. మిణుకుమిణుకుమనే ట్యూబ్‌లైటు మార్చాలి. చప్పుడు చేసే ఫ్యానుకు దూరంగా, కిటికీ పక్కన టేబుల్ ఇవ్వాలి. ఏది ఎన్నింటికి జరుగుతుందో కాగితం మీద రాసివ్వాలి. వైవా ప్రశ్నలు రాసి అడిగించాలి.

మొదటి మూడూ నా చేతిలోవి. నాలుగోదానికి ఎక్స్‌టర్నల్, అంటే వేరే కాలేజీ నుంచి వచ్చే పరీక్షకుడు, ఒప్పుకోవాలి. ముందు మా విభాగం హెచ్‌వోడీని అడిగాను.

"ఎక్స్‌టర్నల్ ఒప్పుకోడు. లేనిపోని లొల్లి అయితది. నువ్వు ఊకె ఉండు, లోపల లోపల చూస్కుందాం తియ్."

నాలుగో పని కొట్టేసి, దాని పక్కన "చిట్టీ" అని రాశాను.

ల్యాబు పరీక్షలో ప్రయోగాల పేర్లు చిట్టీల మీద రాసి స్టీలు డబ్బా మూతలో పోస్తాం. విద్యార్థి ఏ చిట్టీ తీస్తే ఆ ప్రయోగం చేయాలి. వెనకబడ్డవాళ్ల కోసం తేలిక ప్రయోగం ఉన్న చిట్టీ కొన కొంచెం మడిచి, ఆ సంగతి ముందే వాళ్ల చెవిలో వేస్తాం. నాకంటే ముందున్న అసిస్టెంట్ నేర్పిన పని ఇది. దీన్ని మేమెవరం మోసం అనుకోలేదు, సాయం అనుకున్నాం. ప్రయోగం తేలికైతే ప్రశ్నలు తగ్గుతాయని నా లెక్క.

ఆమెకు చెప్పాను. "కొన మడిచింది తియ్యి."

"ఎందుకు సార్?"

"అది అల్కగ ఉంటది."

"నాకు అన్ని వస్తయి సార్."

"వచ్చినా గదే తియ్యి."

సరే అనలేదు, కాదనలేదు. ఒప్పుకుందనే అనుకున్నాను.

పరీక్ష రోజు నేను రాసిచ్చిన కాగితంలో తొమ్మిదిన్నరకు మొదలని ఉంది. ఎక్స్‌టర్నల్ పదిన్నరకు గానీ రాలేదు. ఆ గంటలో ఆమె నా దగ్గరికి నాలుగుసార్లు వచ్చింది. "సార్, టైం దాటింది." నాలుగోసారికి కాగితం అంచు చింపుతోంది. ఆలస్యమైతే ఏం చేయాలో నేను ఆ కాగితంలో రాయలేదు. నేనూ గుమ్మానికీ స్టోర్‌రూముకూ మధ్య తిరుగుతూనే ఉన్నాను.

పరీక్షకుడు వచ్చి, చాయ్ తాగి, మూత ముందు కూర్చున్నారు, పక్కన మా హెచ్‌వోడీ. ఆమె వంతు వచ్చింది. మూతలోకి చాలాసేపు చూసింది.

"సార్, దీని కొన మడిచి ఉన్నది. మిగతావాటికి లేదు," అంది మామూలు గొంతుతో. "నన్ను గిదే తియ్యమన్నరు."

పరీక్షకుడు ఆ చిట్టీ చేతిలోకి తీసుకున్నారు.

"ఎవలు మడిచిండ్రు?" అని అడిగారు ఆయన.

"నేనే సార్," అన్నాను.

"ఎన్నేండ్ల సంది మడుస్తున్నవ్?"

"రెండేండ్లు సార్."

"అయినా నేర్వలే. గింత పెద్దగ మడుస్తరా? మా కాలేజీల గోరుతోని గీకుతం, ఎవనికీ కనవడదు."

వెనక ఎవరో నవ్వి ఆపుకున్నారు. హెచ్‌వోడీ నవ్వలేదు. పరీక్షకుడు ఆ కొన సాపు చేసి, చిట్టీలన్నీ కలిపి, మూత ఆమె వైపు తోశారు. ఈసారి అన్నిటికంటే కష్టమైనది వచ్చింది: వీన్ బ్రిడ్జ్ ఆసిలేటర్. బయటి నుంచి సిగ్నల్ ఇవ్వకుండా సర్క్యూట్ తనంతట తానే తరంగాన్ని పుట్టించాలి. ఆమె కిటికీ పక్కకు పోయి కూర్చుంది. నలభై నిమిషాల్లో తెర మీద తరంగం నిలబెట్టింది, ఎక్కడా వంకర లేదు.

తర్వాత వైవా. ఆయన మొదటి ప్రశ్న అడిగారు. ఆమె గోడకేసి చూసింది. రెండోది అడిగారు. గోడే. ఆయన పెన్ను మార్కుల కాగితం మీదికి వెళ్లింది.

"సార్, ఆమెకు ఆటిజం ఉన్నది. ప్రశ్నలు రాసిస్తే జవాబు రాస్తది," అన్నాను. హెచ్‌వోడీ వైపు చూడలేదు.

"రాసుడైతే థియరీ పరీక్షనే గదా. వైవా అంటె నోటితోని చెప్పుడు."

"ఆమెకు వచ్చా రాదా తెలుసుకునుడే గద సార్ మనకు కావాల్సింది."

"రేపు అందరు నాకూ రాసియ్యుండ్రి అంటరు. అప్పుడు?"

"అందరికి రాసిద్దాం సార్. కాయితాలు నేను తెస్త."

ఆయన తెల్లకాగితం లాక్కుని ఐదు ప్రశ్నలు రాశారు. ఆమె కాగితం తీసుకుపోయి తన టేబుల్ దగ్గర కూర్చుంది. మూడో ప్రశ్న, తరంగం నిలవాలంటే యాంప్లిఫయర్ గెయిన్, అంటే అది సిగ్నల్‌ను పెంచే రెట్లు, ఎంత ఉండాలని. ఆమె రాసింది: "మొదలు కావడానికి మూడు కంటే కొంచెం ఎక్కువ. మొదలయ్యాక మూడు. మీరు ఏది అడుగుతున్నారు?"

ఆయన అది రెండుసార్లు చదివారు. "నా ప్రశ్నే సక్కగ లేదు," అని ఆమెతో కాకుండా కాగితంతో అన్నట్టు అని, మార్కులు వేశారు. తలకిందులుగా ఉన్నా ఆ అంకె చదివాను. పాసైంది.

బయట మెట్ల దగ్గర ఎదురుచూస్తున్న వాళ్లమ్మకు చెప్తుంటే కూతురు మధ్యలో అడిగింది.

"వచ్చే సెమిస్టర్ల రెండు ల్యాబులున్నయి సార్. గవి మీయి కావు. అక్కడ ఎవలు అడుగుతరు?"

లోపలికి పోయి ఒక దరఖాస్తు రాశాను. ఈ విద్యార్థినికి ప్రతి వైవాలోనూ ప్రశ్నలు రాసివ్వాలని, టైం మారితే ముందే చెప్పాలని, ఈ సంగతి పరీక్షకుడికి ఉదయమే తెలియజేయాలని. హెచ్‌వోడీ పరీక్షకుడిని కారు దాకా సాగనంపి తిరిగి వచ్చేవరకు ఆయన గది ముందు వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకు తిరిగాను. రాగానే దరఖాస్తు చాపాను.

"పొద్దుగాల చేసింది సాలదా?" అన్నారు ఆయన. "రేపు మాట్లాడుదాం."

"రేపు సెలవు సార్."

"ఎల్లుండి."

"ఎల్లుండి నుంచి మీరు పేపర్ల వాల్యుయేషన్‌కు పోతరు సార్."

ఆయన కాగితం తీసుకోలేదు. గది తాళంచెవి చేతిలో తిప్పుతూ నిలబడ్డారు. నేనూ కాగితం చాపినట్టే ఉంచి, ఆ గుమ్మం వదల్లేదు.