తాండూరు బండల మీద అలలు

మా ఆయన మస్కట్‌లో పనికి కుదిరిన రెండో ఏడు, ఆర్మూర్‌లో మా ఇంటి వరండాకు తాండూరు బండలు వేయించాం. నేనూ అత్తా బీడీలు చుట్టేది అక్కడే. వాటిలో మూడు బండలు నునుపుగా లేవు. ఒకదాని పక్కన ఒకటిగా సన్నటి వంకర గీతలు ఉండేవి. మేస్త్రి ఉలితో బండలు పాడుచేసి, ఎవరికీ తెలియదనుకుని అట్లాగే వేశాడని అత్త నమ్మింది. అతను ఒట్టేసి కాదన్నా వినలేదు. వంటింటి పనికి అతన్ని పిలవనివ్వలేదు.

ఆ ఏడే ముందుగది అద్దెకిచ్చాం. వచ్చినామె బాలికల హైస్కూల్లో సైన్సు టీచరు, ఒంటరి మనిషి. వారం తిరక్కుండానే ఒక పొద్దున ఆమె వరండాలో మోకాళ్ళ మీద కూర్చుని, టార్చిలైటును నేలకు ఆనించి బండలను చూస్తూ కనిపించింది. మరునాడు వాటి మీదే నీళ్ళు చల్లి గీతలు తడిమింది. మేం గడపలోకి రాగానే లేచి చీర దులుపుకుంది.

"బండ కింద ఏమన్న ఉన్నదనుకుంటున్నదా ఏంది? గామెను జర కనిపెట్టు," అంది అత్త గొంతు తగ్గించి.

కనిపెట్టాను. చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే. ఆమె బడికి పోయాక, మా దగ్గరున్న రెండో తాళంచెవితో గది తీసి ట్రంకుపెట్టె తెరిచాను. అందులో పాత పేపర్లలో చుట్టిన రాళ్ళు, ఒక్కో పొట్లం మీద ఒక్కో ఊరి పేరు. విప్పినవి తిరిగి చుట్టాను కానీ, ఏ రాయి ఏ కాగితంలోదో సరిగా గుర్తురాలేదు.

"రాళ్ళు ఎవలన్న దాసుకుంటరా?" అంది అత్త. ఆమె అనుమానం ఇంకా పెరిగింది. బండల మీద ఏం వెతుకుతున్నావని ఆ సాయంత్రమే టీచర్ని నిలదీసింది.

టీచర్ ఆమెను బండ దగ్గర కూర్చోబెట్టి టార్చి వేసింది. ఏటవాలు వెలుతురులో గీతలు లేచి నిలబడ్డాయి.

"ఇవి ఉలి దెబ్బలు కావమ్మా. ఈ రాయి ఒకప్పుడు లోతు లేని సముద్రం అడుగున బురద. అలల కదలికకు దాని మీద ఇలా గీతలు పడ్డాయి. పోచంపాడ్ డ్యాంలో నీళ్ళు వెనక్కిపోయినప్పుడు ఒడ్డు బురద మీద ఇట్లాంటివే చూడలేదా?"

ఇంకో బండ మీద పగుళ్ళు చూపించింది. నీళ్ళు ఎండి బురద నెర్రెలిచ్చిందట. కొత్త బురద వచ్చి ఆ నెర్రెల్లో నిండి, అంతా కలిసి రాయైందట.

"సముద్రమైతే చేపలేవి? ఒక్క ముల్లన్న లేదు."

"అప్పటికి చేపలు పుట్టలేదమ్మా."

అత్త నావైపు చూసింది. నమ్మిన చూపు కాదది. కానీ మరుసటి వారమే పోచంపాడ్ బస్సెక్కింది. ఎండాకాలం, డ్యాంలో నీళ్ళు బాగా తగ్గాయి. తిరిగొచ్చి చెప్పులైనా విడవకుండా బండల మీదికి వంగింది.

"గట్లనే ఉన్నది," అంది.

రెండు రోజులకు వంటింటి పనికి రమ్మని మేస్త్రికి కబురు పంపింది. తప్పయిందని అనలేదు. చాయ్ మాత్రం తనే తీసుకెళ్ళి ఇచ్చింది. ఎందుకిస్తోందో తెలియక అతను గ్లాసువైపు అనుమానంగా చూస్తూ తాగాడు.

నా సంగతే తేలలేదు. ఒకరోజు టీచర్ నా పక్కన కూర్చుని, నా మొహం చూడకుండా అంది: "ఏ ఊరి రాయో తెలియకపోతే, అది చెప్పేది నమ్మలేం."

అప్పుడైనా ఒప్పుకోవాల్సింది. బీడీ ఆకు కత్తిరిస్తూ తల ఎత్తలేదు. ఆ వారమే ఆమె గదికి కొత్త తాళం వేసుకుంది. బదిలీ అయి వెళ్ళేదాకా నాతో మామూలుగానే మాట్లాడింది. పెట్టె మాట ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.